నీడను తనదనుకున్న బాలుడు: ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నవలలో నైతిక దృష్టి

పిల్లల కథకు చివర ఒక నీతివాక్యం తగిలించడం అనేక భాషల్లో చిరకాలంగా ఉన్న ఆచారమే గాని, కథలోని నీతి ఆ వాక్యంలో ఉంటుందా, కథ నడిచిన తీరులోనే ఉంటుందా అన్న ప్రశ్న ఎప్పటికప్పుడు కొత్తగా వేసుకోదగినది. ‘చందమామ’లో బేతాళ కథలు చదివి పెరిగిన తెలుగు పాఠకులకు ఈ ప్రశ్న బొత్తిగా కొత్తది కాదు, ఆ కథల్లో బేతాళుడు నీతి చెప్పడు, చిక్కుప్రశ్న వేసి విక్రమార్కుడి నోట తీర్పు చెప్పిస్తాడు. అమెరికన్ రచయిత్రి అర్సులా కె. లె గ్విన్ 1968లో వెలువరించిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నవల ఇంకొక అడుగు ముందుకు వేసి, తీర్పు చెప్పే పనిని కూడా తప్పు చేసిన బాలుడికే అప్పగించింది. చెడ్డవాడికి శిక్ష, మంచివాడికి బహుమానం అనే సులభమైన లెక్కను పక్కకు నెట్టి, చేసిన తప్పును తనదిగా చేపట్టేదాకా అది మనిషిని వెంటాడుతుందనీ, చేపట్టిన తరవాత కూడా జరిగిన నష్టం జరిగినట్టే ఉంటుందనీ, ఈ రెండు సత్యాలనూ పిల్లలకు దాపరికం లేకుండా చెప్పవచ్చుననీ ఈ నవల నమ్మింది. దాని గొప్పతనమంతా ఆ నమ్మకంలో ఉంది.

నవల పుట్టుకకు కారణం ఒక ప్రచురణకర్త కోరిక. 1929లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టిన లె గ్విన్ 1960ల మధ్యనాటికి విజ్ఞాన కల్పనా రచయిత్రిగా పేరు తెచ్చుకుంటున్న దశలో ఉండగా, బర్క్‌లీలోనే పిల్లల పుస్తకాలు వేసే పర్నాసస్ ప్రెస్ యజమాని హెర్మన్ షైన్ కాస్త ఎదిగిన పిల్లలు చదువుకోదగిన నవల ఒకటి రాయమని ఆమెను అడిగాడు. మాయ, మంత్రం, వింతజీవులు సహజ ధర్మాలుగా చెల్లుబాటయ్యే లోకాన్ని కల్పించి, ఆ లోకపు కట్టుబాట్లకు లోబడే కథ నడిపే ప్రక్రియను ఫాంటసీ అంటారు. 1954–55లో వెలువడిన టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1960ల మధ్యలో అమెరికాలో చౌక ప్రతులుగా వచ్చి ఆ ప్రక్రియకు విస్తారమైన ప్రచారం తెచ్చింది. అందులో గాని, అంతకుముందరి కథల్లో గాని మాంత్రికుడంటే తెల్లగడ్డం ముదుసలి. అతడు మాంత్రికుడిగానే పుట్టినట్టు కనిపిస్తాడు. ఆ ముదుసలి ఒకప్పుడు కుర్రవాడై ఉండాలి గదా, ఆ విద్య ఎక్కడ నేర్చాడు, నేర్చేటప్పుడు ఏం తప్పులు చేశాడు అని లె గ్విన్ వేసుకున్న ప్రశ్నలోంచి ఈ కథ వచ్చింది. మంత్రవిద్య నేర్పే పాఠశాల అన్న కల్పన ‘హ్యారీ పోటర్’ తొలి నవల వెలువడిన 1997కు ఇరవై తొమ్మిదేళ్ల ముందే ఈ పుస్తకంలో సంపూర్ణ రూపంలో ఉంది.

ఎర్త్‌సీ ఖండాలు లేని లోకం. వందలాది దీవులు, వాటి మధ్య సముద్రం, చేపలు పట్టేవాళ్లు, మేకలు కాసేవాళ్లు, పడవలు కట్టేవాళ్లు, కంచుపని చేసేవాళ్లు ఉన్న ఆ లోకంలో ప్రతి వస్తువుకూ ప్రతి ప్రాణికీ సృష్టినాటి ప్రాచీన భాషలో ఒక అసలు పేరు ఉంటుంది. ఆ పేరు తెలిసినవాడికి ఆ వస్తువు మీద, ఆ ప్రాణి మీద అధికారం దక్కుతుంది గనుక, మంత్రవిద్య అంటే ఏళ్ల తరబడి పేర్లు వల్లెవేయడమే. పాఠశాలకు దూరంగా కట్టిన ఒంటరి బురుజులో విద్యార్థులు చేసే పని అదే. మనుషులు కూడా నలుగురిలో వాడుకపేరుతో తిరుగుతూ అసలు పేరును దాచుకుంటారు, తమ ప్రాణం ఎవరి చేతిలో పెడితే భయం లేదనుకుంటారో ఆ మనిషికి మాత్రమే దాన్ని చెబుతారు. ఈ కల్పనకు సమీపంలో ఒక చారిత్రక విషయం ఉంది. లె గ్విన్ తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ ప్రసిద్ధ మానవశాస్త్రవేత్త. 1911లో కాలిఫోర్నియా అడవుల్లోంచి ఒంటరిగా బయటికి వచ్చిన యాహీ తెగ చివరి మనిషికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ఆశ్రయం కల్పించినవారిలో ఆయన ఒకరు. ఇషీ అని లోకం పిలిచిన ఆ మనిషి 1916లో క్షయతో మరణించేదాకా తన సొంత పేరు ఎవరికీ చెప్పలేదు. లె గ్విన్ తల్లి థియొడోరా క్రోబర్ 1961లో అతడి జీవితకథను పుస్తకంగా వెలువరించింది. ఒకదానికి మరొకటి మూలమని తేల్చడం తొందరపాటే అవుతుంది. అయితే సర్వస్వమూ పోగొట్టుకున్న మనిషి చేతిలో కూడా తన పేరు చెప్పడం, చెప్పకపోవడం అనే స్వాతంత్ర్యం మిగులుతుందన్న ఎరుక ఆ ఇంట ఉండేదనడంలో సందేహం లేదు.

ఈ లోకంలో నాయకుడి ఒంటి రంగు ఎరుపు కలిసిన గోధుమ వన్నె, అతడి ప్రాణమిత్రుడు నల్లనివాడు, దండెత్తి వచ్చే కార్గ్ జాతివాళ్లు తెల్లనివాళ్లు. 1968 నాటి అమెరికాలో ఇది తెలిసి చేసిన పని; రచయిత్రి దాన్ని చాటుకోకుండా కథలో కలిపేసింది. 2004లో వచ్చిన టెలివిజన్ రూపంలో నాయకుణ్ణి తెల్లవాడిగా చూపినప్పుడు మాత్రం ఆమె బహిరంగంగా ఆక్షేపించింది.

కథానాయకుడి అసలు పేరు గెడ్. గోంట్ దీవిలోని కొండపల్లెలో కంచుపనివాడి కొడుకుగా పుట్టి, ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకుని, తండ్రి కరకుదనం మధ్య పెరిగిన ఈ బాలుడు, మంత్రాలు కొద్దిగా తెలిసిన తల్లి తోబుట్టువు నోట విన్న ఒక పదాన్ని ఊరికే మేకల ముందు పలుకుతాడు. మేకలు వచ్చి చుట్టూ మూగి, ఒంటికి ఒళ్లు ఆనించి, ఎటూ కదలనివ్వకుండా అతణ్ణి ఊళ్లోకి నెట్టుకొస్తాయి. ఊరివాళ్లు నవ్వుతుంటే బాలుడు ఏడుస్తూ పరుగెత్తలేక పరుగెత్తే ఈ చిన్న సంఘటనలో నవలంతా ఇమిడి ఉంది: పిలవడం చేతనై, పంపించివేయడం చేతకాని విద్య అతడిది. తరవాత గురువైన ఒజియన్ మాటలు తక్కువ మనిషి. వాన పడుతున్నప్పుడు దాన్ని మంత్రంతో పక్క కొండ మీదికి తోలకుండా చెట్టుకింద తడుస్తూ కూర్చునే మాంత్రికుడు. ఆ మౌనంలోని విద్య గెడ్‌కు పట్టదు. రోక్ దీవిలోని పాఠశాలకు వెళ్లే అవకాశం ఇచ్చి, ఏం కావాలో కోరుకొమ్మని ఒజియన్ అతడికే వదిలేసినప్పుడు అతడు కీర్తి వైపే మొగ్గుతాడు. ఆ ఎంపికను గురువు అడ్డుకోకపోవడం నవలలో చాలా లోతైన ఘట్టం. ఒక మనిషిని తప్పు దారి నుంచి బలవంతంగా మరల్చే హక్కు ప్రేమకు కూడా లేదన్న కఠినమైన నిజాన్ని ఆ ఘట్టం ఏ వ్యాఖ్యానమూ లేకుండా చూపుతుంది.

రోక్ పాఠశాలలో గెడ్ వినే మొదటి పెద్ద పాఠం సమతౌల్యాన్ని గురించి. లోకంలో ఉన్నవన్నీ ఒకదానితో ఒకటి తూకంలో నిలిచి ఉన్నాయనీ, ఒకచోట చేసిన మార్పు మరొకచోట తన ఫలితం చూపకుండా ఉండదనీ చెప్పే భావనకు నవలలో ఆ పేరు. గులకరాయిని వజ్రంలా కనిపింపజేయడం కనికట్టు. దాన్ని నిజంగా వజ్రంగా మార్చాలంటే దాని అసలు పేరే మార్చాలి, అలా మార్చడమంటే లోకంలో అంత మేరకు మార్పు తేవడమే. అలాంటి పనికి ఏ మేలు, ఏ కీడు వెనక వస్తాయో తెలియకుండా ఒక్క గులకరాయినైనా మార్చకూడదని ఆచార్యుడు హెచ్చరిస్తాడు. ప్రాచీన చైనా తాత్త్విక గ్రంథం ‘తావో తె చింగ్’ లె గ్విన్‌కు చిన్ననాడే తండ్రి దగ్గర పరిచయమైంది. 1997లో దానికి తన సొంత ఆంగ్ల రూపాన్ని కూడా ఆమె ప్రచురించింది. చేయగలిగినా చేయకుండా ఉండటాన్ని శక్తిలో భాగంగా చూసే ఆ తత్త్వం పిల్లల నవలలో ఇంత సహజంగా ఒదగడం ఆశ్చర్యకరం. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: పాఠం వినడానికీ దాన్ని ఒంటబట్టించుకోవడానికీ ఉన్న దూరాన్ని ఈ పుస్తకం ఏ దశలోనూ తగ్గించి చూపదు. గెడ్ ఆ పాఠం విన్నాడు, బాగా చదివాడు, అయినా చేయవలసిన తప్పు చేసే తీరాడు.

ఆ తప్పు జాస్పర్ అనే సాటి విద్యార్థితో పంతానికి పోయి, చచ్చిపోయిన మనిషి ఆత్మను పిలిచి చూపిస్తానని ఒక రాత్రి రోక్ కొండ మీద నిలబడటం. వెయ్యేళ్ల నాడు మరణించిన సుందరి ఎల్ఫారన్ రూపం ఒక్క క్షణం కనిపిస్తుంది. ఆ రూపాన్ని చూపిన వెలుగులో ఏర్పడిన చీలికలోంచి పేరులేని నీడ ఒకటి దూకి గెడ్ ముఖాన్ని చీరేస్తుంది. ఆ చీలికను మూయడానికి పాఠశాల ప్రధానాచార్యుడు నెమ్మెర్లె తన శక్తినంతా ధారపోసి, తెల్లవారేలోగా కన్నుమూస్తాడు. గెడ్ నెలల తరబడి మంచం పట్టి, ముఖాన మచ్చలతో, తడబడే నాలుకతో లేస్తాడు. తాను చచ్చిపోయి ఉంటే మేలని కొత్త ప్రధానాచార్యుడు గెన్‌షర్ ఎదుట అతడు అంటాడు. ఎవరి కోసం నెమ్మెర్లె ప్రాణం ఇచ్చాడో ఆ మనిషికి అలా తేల్చే హక్కు లేదని గెన్‌షర్ మందలిస్తాడు. పశ్చాత్తాపం పేరుతో తనను తాను హింసించుకోవడం బాధ్యత అనిపించుకోదని, అది తప్పించుకునే మరో దారి మాత్రమేనని ఇంతకంటె సూటిగా చెప్పిన సందర్భం పిల్లల పుస్తకాల్లో అరుదు.

ఆ అవమాన దశలోనే వెచ్ అనే మిత్రుడు వస్తాడు. వెచ్ చదువు ముగించుకుని మాంత్రిక దండం పుచ్చుకుని ఊరికి వెళ్లిపోతున్నవాడు. గెడ్ తోటివాళ్లందరికీ వెనకబడి, చేతనైన మంత్రం పలకడానికి కూడా జంకుతున్నవాడు. వీడ్కోలు చెప్పడానికి వచ్చిన వెచ్ వెళ్తూ వెళ్తూ తన అసలు పేరు ఎస్టారియోల్ అని గెడ్‌కు చెప్పేస్తాడు. నీ తప్పు క్షమించాననడు, నువ్వు మంచివాడివని ధైర్యం చెప్పడు, తన ప్రాణాన్ని అతడి చేతిలో పెట్టి చూపిస్తాడు. తన మీద తనకే నమ్మకం పోయిన మనిషికి ఇంకొకరి నమ్మకం ఎంత పెద్ద చేయూతో ఈ ఒక్క పనితో తెలుస్తుంది. గెడ్ కూడా వెంటనే తన పేరు చెబుతాడు. నవలలో మంత్రాలు, డ్రాగన్లు, తుఫానులు చాలా ఉన్నాయి గాని, వాటన్నిటికంటె మహిమ గల సన్నివేశం ఇదే. జాస్పర్ సంగతి ఒకటి రెండు మాటల్లో తేలిపోతుంది: అతడు దండం సంపాదించలేకపోయి రోక్ విడిచి వెళ్లిపోయాడు. గెడ్ చేసిన దానికి జాస్పర్‌ను బాధ్యుణ్ణి చేసే అవకాశాన్ని పాఠకుడికి రచయిత్రి ఇవ్వదలచుకోలేదు.

చదువు ముగిశాక గెడ్ లో టార్నింగ్ అనే చిన్న దీవుల మీద మాంత్రికుడిగా కుదురుకుంటాడు. అక్కడ అతడికి పడవ నడపడం నేర్పిన పెచ్‌వారీ అనే పడవల పనివాడి పసిబిడ్డకు జబ్బు చేస్తుంది. జబ్బుకు మందివ్వవచ్చు గాని, పోతున్న ప్రాణానికి అడ్డుపడరాదని గెడ్ నేర్చుకున్నాడు. స్నేహితుడి మీది ప్రేమతో, తల్లి దుఃఖం చూడలేక, ఆ కట్టుబాటు దాటి బిడ్డ వెంట మృతుల లోకపు వాలులో దిగుతాడు. బిడ్డ దక్కడు. తిరిగి ఎక్కుతుంటే సరిహద్దు గోడకు ఈవల, బతికినవాళ్ల వైపున, ఆ నీడ కాచుకుని ఉంటుంది. అహంకారంతో చేసిన తప్పునే కాక, జాలితో చేసిన అతిక్రమణను కూడా నవల ఇలా లెక్కలోకి తీసుకుంటుంది. ఇక్కడ రచయిత్రి కొంత కఠినంగా కనిపించవచ్చు. అయితే మంచి ఉద్దేశం ఉంటే చాలునన్న తేలిక మాట చెప్పి పిల్లలను మోసగించడం ఆమెకు ఇష్టం లేదు. వెనువెంటనే పెండోర్ దీవి డ్రాగన్ యెవాడ్ ఘట్టంలో ఆ లెక్క రెండో వైపు తిరుగుతుంది. పాత చరిత్రలు చదివి ఆ డ్రాగన్ పేరును ఊహించి పలికి గెడ్ దాన్ని లోబరచుకుంటాడు. తనను వదిలేస్తే నీడ పేరు చెబుతానని డ్రాగన్ ఆశపెడుతుంది. తన ప్రాణం దక్కే దారి ఒకవైపు, లో టార్నింగ్ బెస్తవాళ్ల భద్రత మరొకవైపు నిలిచినప్పుడు గెడ్ తన పేరాశను అణచుకుని, డ్రాగన్ ఇక మీదట ఆ దీవుల వైపు రాకుండా మాట తీసుకుంటాడు. కీర్తి కోసం కొండెక్కిన బాలుడు పేదల కోసం తన రక్షణను వదులుకునేంత ఎదిగాడని కథ ఇక్కడ రుజువు చేస్తుంది, నీడ మాత్రం అలాగే ఉంటుంది.

చివరికి పారిపోయి పారిపోయి, డేగ రూపంలో ఒజియన్ గడపకు చేరిన గెడ్‌కు గురువు చెప్పే ఉపాయం ఒక్కటే: వెనక్కు తిరుగు, తరుముతున్నదాన్ని నువ్వే తరుము. ఆ వేటలో పడవ బద్దలై గెడ్ ఒక ఇసుకతిన్నె మీద పడతాడు. లోకానికి దూరంగా ఉన్న ఆ తిన్నె మీద కొట్టుకొచ్చిన కర్రలతో, నాచుతో కట్టిన గుడిసెలో ఒక ముసలివాడూ ఒక ముసలిదీ ఉంటారు. చిన్నతనంలోనే ఎవరో తెచ్చి అక్కడ వదిలేసిన అన్నాచెల్లెళ్లు వాళ్లు. మాట దాదాపు మరచిపోయారు. అన్నకు అపరిచితుడంటే విపరీతమైన భయం. చెల్లెలు మాత్రం ఉప్పగా ఉండే ఊట నుంచి నీళ్లు తెచ్చి ఇస్తుంది, తాను పసిపిల్లగా తొడిగిన పట్టుగౌను దాచుకున్నది తెచ్చి చూపి మురిసిపోతుంది, చివరికి ఒక విరిగిన కంకణపు సగం ముక్క అతడి చేతిలో పెడుతుంది. వాళ్లను తనతో తీసుకుపోతానని గెడ్ అంటే రానంటారు. అతడు చేయగలిగినదల్లా, ఉప్పగా, ఉండీ లేనట్టుండే వాళ్ల నీటి ఊటకు మంత్రం వేయడం. నీరు తియ్యగా, తేటగా, ఎండిపోకుండా పారుతుంది. కథ ముందుకు సాగడానికి ఈ ఘట్టం అక్కరలేదు. ఇతరుల మీద జరిగిన పెద్ద అన్యాయాన్ని సరిదిద్దలేని మనిషి తన చేతనైన చిన్న మేలు చేసి వెళ్లిపోవడాన్ని ఇంత నిరాడంబరంగా రాసిన పుటలు లె గ్విన్ రచనలన్నిటిలోనూ కొద్దిగానే ఉంటాయి. ఆ కంకణపు ముక్క విలువ 1971లో వచ్చిన రెండో నవల ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’లో గాని బయటపడదు.

వెచ్‌ను తోడు తీసుకుని, ఆఖరి దీవి కూడా దాటి, సముద్రం ఇసుకగా మారిన చోట గెడ్ నీడను ఎదుర్కొంటాడు. అది ముందు అతడి తండ్రిలా, తరవాత జాస్పర్‌లా, పెచ్‌వారీలా రూపాలు మారుస్తుంది, అంటే అతడి గతమంతా అతడి ఎదుటికి నడిచి వస్తుంది. ఇద్దరూ ఒకేసారి ఒకే పేరు పలుకుతారు: గెడ్. అతడు దాన్ని చంపడు, చేతులు చాచి తనలో కలుపుకుంటాడు. మనిషి తనలో చూడ నిరాకరించి అణచిపెట్టిన చీకటి పార్శ్వానికి స్విట్జర్లాండ్ మనస్తత్త్వవేత్త కార్ల్ యుంగ్ ఇచ్చిన పేరు కూడా నీడే. అయితే ఈ నవల రాసేనాటికి యుంగ్ రచనలు తాను చదవలేదని లె గ్విన్ చెప్పింది. ఆ సిద్ధాంతానికి ఉదాహరణగా మాత్రమే ఈ ముగింపును చదివితే దాని బలం సగం పోతుంది. నీడ గెడ్ మనసులోని భావం మాత్రమే కాదు. అది ఒక ముసలి ఆచార్యుడి చావుకు కారణమైన పని, ఆస్కిల్ దీవిలో ఒక నావికుడి శరీరాన్ని తినేసి అందులో దూరిన పని. దాన్ని తనదనడం ఆత్మజ్ఞానంతో పాటు ఒక ఒప్పుకోలు కూడా.

ఈ నవలలో లోపం లేకపోలేదు. రోక్ పాఠశాలలో ఆడపిల్లలకు చోటు లేదు. ఊరి మంత్రగత్తె విద్య తక్కువదన్న లోకోక్తులను కథ ప్రశ్నించకుండా వల్లిస్తుంది. గెడ్‌ను ప్రలోభపెట్టిన సెర్రెట్ అనే స్త్రీ మోహిని మూసలోంచి బయటికి రాదు. ఎత్తి చూపవలసిన విషయం ఏమిటంటే, ఈ లోపాన్ని అందరికంటె నిశితంగా పట్టుకున్నది రచయిత్రే. 1990లో ఆమె ‘తెహాను’ నవల రాసి, శక్తి అంతా ఖర్చయిపోయిన నడివయసు గెడ్‌ను, ఒక విధవరాలిని, నిప్పుల్లో కాలి బతికిన ఒక చిన్నపిల్లను మధ్యలో పెట్టి, తాను కట్టిన లోకంలో ఎవరికి అధికారం దక్కింది, ఎవరిని అడగకుండా దక్కింది అని మొదటి నుంచి మళ్లీ విచారించింది. ఎర్త్‌సీ తొలి నవలను ఆమె దిద్ది తిరిగి అచ్చువేయలేదు. అలాగే ఉంచి దాని పక్కన రెండో మాట రాసింది. గెడ్ తన నీడ విషయంలో చేసినదాన్నే రచయిత్రి తన పుస్తకం విషయంలో చేసిందనడం అతిశయోక్తి కాదు.

నెమ్మెర్లె మాత్రం తిరిగి రాడు. చివరి అధ్యాయంలో గెడ్ సంపూర్ణుడైనా, ఆ ముసలాయన చావుకు పరిహారం నవలలో ఎక్కడా లేదు, ఉండదు కూడా. ఈ పుస్తకాన్ని తరగతిలో గాని ఇంట్లో గాని పిల్లల చేత చదివించే ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు నీడ తనలో కలిసిపోయిన చోట సంతోషంతో పుస్తకం మూసేయకుండా, నెమ్మెర్లె సంగతి ఏమిటి అని ఒకసారి పిల్లలను అడగాలి, ఆ పైన వాళ్లు చెప్పే సమాధానాన్ని సరిదిద్దకుండా వినాలి.